ఆతిథ్యం మాది, అర్హతా మాదే

ఆసియా ఫుట్‌బాల్‌లో ఘోరమైన అన్యాయం జరిగిపోతోందని గుండెలు బాదుకునేవాళ్ళ మాట నేను నమ్మను. ఈ ఖండానికి పద్ధతి తెలుసు. ఇక్కడ ఎవరూ గోల్‌పోస్టులు జరపరు. జరిపితే పది కెమెరాలకి దొరికిపోతారు. తేదీలు జరిపితే ఒక్క కెమెరాకీ దొరకరు. రిఫరీ జేబులో కవరు పెట్టడం, లేని పెనాల్టీ ఇప్పించుకోవడం పాతకాలపు మోటుపనులు. షెడ్యూలు అచ్చయ్యేనాటికే సగం మ్యాచ్ ఆడేసినవాడికి రిఫరీతో పనేముంది?

2025 అక్టోబర్ సంగతే చూడండి. ప్రపంచకప్‌ని 48 జట్లకి పెంచారు కాబట్టి ఆసియాకి నేరుగా ఎనిమిది బెర్తులు దక్కాయి. అందులో ఆరింటిని మూడో రౌండ్‌లోనే జపాన్, ఆస్ట్రేలియా, ఇరాన్, ఉజ్బెకిస్తాన్, దక్షిణ కొరియా, జోర్డాన్ పట్టుకుపోయాయి. మిగిలినవి రెండు. వాటికోసం గ్రూపుల్లో మూడు, నాలుగు స్థానాల్లో ఆగిపోయిన ఆరు జట్లు నాలుగో రౌండ్ ఆడాలి. మూడో రౌండ్‌లో వాళ్ళు తెచ్చుకున్న పాయింట్లు ఇవీ: యూఏఈ 15, ఇరాక్ 15, ఖతర్ 13, సౌదీ అరేబియా 13, ఇండోనేషియా 12, ఒమన్ 11. గ్రూపులు వేరు, ప్రత్యర్థులు వేరు, ఇలా పక్కపక్కన పెట్టి చూడకూడదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఒప్పుకునే అడుగుతాను: ఈ ఆరింటిలో ఏ రెండు దేశాలకి ఆతిథ్యం ఇవ్వాలి? ‘ఈ ఆరింటికీ వద్దు, వేరే దేశంలో పెట్టండి’ అని మీరు ఠక్కున అనేస్తారు. అందుకే మిమ్మల్ని ఏ ఫుట్‌బాల్ సంఘంలోనూ కూర్చోబెట్టలేదు.

ఏఎఫ్‌సీ అనే ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఖతర్‌నీ సౌదీనీ ఎంపిక చేసింది. ఒక గ్రూపు దోహాలో, ఇంకోటి జెడ్డాలో. రెండు ఆతిథ్య దేశాలూ ఒకే గ్రూపులో పడి ఒకరికొకరు అడ్డం రాకుండా డ్రాలోనే విడదీశారు. మర్యాద అంటే అదీ.

ఇక తేదీలు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, పనితనమంతా ఇక్కడే ఉంది. గ్రూపుకి మూడు జట్లు. ఒక్కోదానికి రెండేసి మ్యాచ్‌లు. అక్టోబర్ 8, 11, 14 తేదీల్లో ఆట. ఖతర్ ఆడింది 8న, 14న. సౌదీ ఆడింది 8న, 14న. ఒమన్, ఇండోనేషియా 8న ఆడి 11న మళ్ళీ ఆడాయి. యూఏఈ, ఇరాక్ 11న ఆడి 14న మళ్ళీ ఆడాయి. అంటే సొంత ఊళ్ళో సొంత వంటవాడి చేతి వంట తినే జట్లకి రెండు మ్యాచ్‌ల మధ్య ఆరు రోజులు, హోటల్లో దిగిన జట్లకి మూడు రోజులు. మధ్యలో 11వ తేదీన అతిథులిద్దరూ చెమటలు కక్కుతూ ఒకరినొకరు అలవగొట్టుకుంటుంటే ఆతిథ్య జట్టు సోఫాలో కూర్చుని చూసి, నోట్సు రాసుకుని, కాళ్ళకి మసాజు చేయించుకోవచ్చు. ఇలా ఎందుకు కుదిరిందని అడిగితే, ఎలాగో ఒకలా కుదరాలి కదా, ఇలా కుదిరింది.

దోహాలో ఏమైంది? ఖతర్ ఒమన్‌తో 0–0గా ఆడింది. యూఏఈ 11న ఒమన్‌ని 2–1తో ఓడించి, 14న ఖతర్‌తో డ్రా చేసుకుంటే చాలన్న స్థితికి వచ్చింది. రెండో సగంలో బూఆలెం ఖూఖీ ఒకటి, పెడ్రో మిగెల్ ఒకటి హెడర్లు కొట్టారు. ఖతర్ 2, యూఏఈ 1. గాలిలో ఎగిరి తలతో కొట్టే గోల్ అంటే కాళ్ళలో సత్తువ ఉండాలి. యూఏఈ అలసట వల్లే ఓడిందా అని అడిగితే ఎవరు మాత్రం చెప్పగలరు? ఈ ఏర్పాటు అందమే అది. రుజువు మిగలదు.

జెడ్డాలో ఇంకా ముచ్చటగా జరిగింది. సౌదీ ఇండోనేషియాని 3–2తో గెలిచింది. ఇరాక్ అదే ఇండోనేషియాని జిదాన్ ఇక్బాల్ గోల్‌తో 1–0గా గెలిచింది. 14న సౌదీ, ఇరాక్ 0–0. పాయింట్లు సమానం, గోల్ తేడా సమానం. వేసిన గోల్స్ లెక్కలో సౌదీవి మూడు, ఇరాక్‌ది ఒకటి. రెండు గోల్స్ ఇచ్చుకున్న జట్టు ప్రపంచకప్‌కి వెళ్ళింది. ఒక్కటీ ఇవ్వని జట్టు నవంబర్‌లో మరో గండం గడవడానికి సామాను సర్దుకుంది. ఆ గండంలో ఎదురుపడింది ఎవరనుకున్నారు? యూఏఈ. మూడో రౌండ్‌లో 15 పాయింట్లు తెచ్చుకున్న రెండు జట్లూ ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయి. అబుదాబిలో 1–1. బస్రాలో ఇంజురీ టైమ్ చిట్టచివర పెనాల్టీతో ఇరాక్ 2–1. యూఏఈ ఇంటికి పోయింది.

ఇరాక్‌కి ఇవి కొత్త కాదులెండి. యుద్ధాల వల్ల ఏళ్ళ తరబడి సొంతగడ్డ మీద పోటీ మ్యాచ్‌లే ఆడనివ్వని జట్టు అది. 2007లో జకార్తాలో ఇదే సౌదీని ఓడించి ఆసియా కప్ ఎత్తింది. తటస్థ వేదికలో.

ఈ ఆతిథ్యాల ఏర్పాటుని పడమటి ఆసియా తూర్పుకి చేసిన ద్రోహమని రాసేవాళ్ళున్నారు. ఆ ఆరింటిలో ఇండోనేషియా తప్ప అన్నీ పడమటివే, మరి ద్రోహం ఎవరు ఎవరికి చేసినట్టు? యూఏఈ పేదదేశమని దాన్ని పెంచిన ఒంటెలు కూడా అనవు. ఆ నెల వంతు దానిది కాలేదు, అంతే. 2019 ఆసియా కప్ వంతు దానిదే. ఇది దిక్కుల తగాదా కానే కాదు, చెక్కుబుక్కుల తగాదా. దిక్కుల సంగతికే వస్తే, ఏఎఫ్‌సీ క్లబ్ పోటీల పటంలో కోల్‌కతా పడమర. ఢాకా పడమర. భూటాన్‌లోని పారో కూడా పడమరే. కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ ఆడాల్సింది ఇరాన్, ఖతర్ క్లబ్బులతో. 2024లో ఇరాన్‌లోని తబ్రీజ్ వెళ్ళనందుకు ఆ క్లబ్‌ని పోటీలోంచే తప్పుకున్నట్టు లెక్కగట్టారు. సూర్యుడు ఎటు ఉదయిస్తాడో కౌలాలంపూర్‌లోని ఏఎఫ్‌సీ ఆఫీసులో తీర్మానం చేస్తే తెలుస్తుంది.

ఇండోనేషియా పాపం విజిల్‌నే అనుమానిస్తూ ఉంటుంది. 2024 అక్టోబర్‌లో బహ్రెయిన్ మీద 2–1 ఆధిక్యంలో ఉండగా ఆరు నిమిషాల ఇంజురీ టైమ్ చూపించారు. తొమ్మిదో నిమిషంలో బహ్రెయిన్ సమం చేసింది. రిఫరీది ఒమన్. ఆ మంట మీద ఉన్నారు కనుక జెడ్డా మ్యాచ్‌కి కువైట్ రిఫరీని వేసినప్పుడు వద్దుమొర్రో అన్నారు. తీరా చూస్తే ఆ మ్యాచ్‌లో ఇండోనేషియా వేసిన రెండు గోల్సూ పెనాల్టీలే. ఆ రిఫరీ ఇచ్చినవే. విజిల్ వైపు చూస్తూ కూర్చున్నవాళ్ళకి క్యాలెండర్ కనపడలేదు.

దేశాల పోటీలోనే ఇలా ఉంటే క్లబ్బుల పోటీ ఎంత నాజూగ్గా ఉండాలి! పాత పద్ధతిలో ఆసియా చాంపియన్స్ లీగ్ ఫైనల్ రెండు మ్యాచ్‌లు. ఒకటి పడమటి క్లబ్ ఇంట్లో, ఒకటి తూర్పు క్లబ్ ఇంట్లో. దీనివల్ల రియాద్‌కి చెందిన అల్ హిలాల్ జపాన్‌లోని సైతామా దాకా వెళ్ళాల్సి వచ్చేది. 2017లో వెళ్ళింది, ఉరావా రెడ్స్ చేతిలో 0–1. 2023 మే నెలలో మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ 0–1. ఇలాంటి ప్రయాణాల్లో ఎంత ఇంధనం వృథా! పర్యావరణం మాట అటుంచండి, కప్పు కూడా పోతోంది. అందుకని 2024–25 నుంచి క్వార్టర్‌ఫైనల్స్ మొదలుకొని అన్నీ ఒకేచోట, పది రోజుల్లోనే పెట్టారు. ఆ ఒకేచోటు ఏదో చెప్పనక్కర్లేదు. జెడ్డా.

అదే సీజన్ నుంచి విదేశీ ఆటగాళ్ళ పరిమితీ ఎత్తేశారు. అంతకుముందు ఒక జట్టులో విదేశీయులు ఐదుగురు, ఆసియా కోటాలో ఇంకొకరు ఉండొచ్చు. ఆపైన లేదు. ఇప్పుడు ఎంతమందిని కొనగలిగితే అంతమంది. ఈ స్వేచ్ఛ అందరికీ సమానమే. సౌదీ ప్రభుత్వ పెట్టుబడుల నిధి 2023 జూన్‌లో నాలుగు పెద్ద క్లబ్బుల్లో 75 శాతం వాటా తీసుకుంది, అది దాని స్వేచ్ఛ. కొరియాలో నగరపాలక సంస్థ ఇచ్చే డబ్బుతో బతికే గ్వాంగ్జు క్లబ్‌కి కూడా, అల్ హిలాల్ కొన్నట్టే, మిలింకోవిచ్ సావిచ్‌నో మిత్రోవిచ్‌నో మాల్కమ్‌నో కొనుక్కునే స్వేచ్ఛ పూర్తిగా ఉంది. అది వాడుకోలేదు. 2025 ఏప్రిల్ 25న జెడ్డాలో అల్ హిలాల్ చేతిలో 0–7తో ఓడింది. స్కోర్‌బోర్డు తప్పేముంది?

ఆ వారంలో కవాసాకి ఫ్రొంటాలే అనే జపాన్ క్లబ్ మాత్రం మర్యాద తప్పింది. 27న అల్ సద్ద్‌తో అదనపు సమయం దాకా ఆడి 3–2తో గెలిచింది. 30న రొనాల్డో ఉన్న అల్ నస్ర్‌ని 3–2తో ఇంటికి పంపింది. మే 3న ఫైనల్. ఏడు రోజుల్లో మూడో మ్యాచ్, అందులో ఒకటి 120 నిమిషాలది. ఎదురుగా అల్ అహ్లీ. అది సెమీస్ ఆడింది 29న, కాబట్టి ఒక రోజు ఎక్కువ విశ్రాంతి. (మళ్ళీ ఎలాగో అలా కుదిరింది.) ఫైనల్ జరిగిన కింగ్ అబ్దుల్లా స్పోర్ట్స్ సిటీ స్టేడియం ఎవరిది? అల్ అహ్లీ ఏడాది పొడుగునా లీగ్ మ్యాచ్‌లు ఆడుకునే సొంత మైదానం. యాభై వేల పైచిలుకు జనం. గాలెనో ఒకటి, కెస్సియే ఒకటి. హాఫ్‌టైమ్ కాకముందే 2–0, చివరికీ అంతే. కవాసాకి వాళ్ళు ఆటయ్యాక జనానికి వంగి దండం పెట్టి వెళ్ళే జాతి కనుక గొడవ కాలేదు.

పైగా ఆసియా క్లబ్ పోటీల సీజనే మారిపోయింది. వసంతంలో మొదలై శీతకాలానికి ముగిసేది, ఇప్పుడు ఆగస్టు, సెప్టెంబర్లలో మొదలై మే నెలకి ముగుస్తుంది. పడమటి లీగులకి అచ్చంగా సరిపోతుంది. జపాన్ తన లీగునే దానికి తగ్గట్టు 2026–27 నుంచి మార్చుకుంటోంది. హొక్కైడోలో, నీగటాలో మోకాలి లోతు మంచు పడే నెలల సంగతి వాళ్ళు చూసుకుంటారు.

మన పల్లెల్లో సర్పంచి పదవి ఏకగ్రీవమయ్యే తీరు ఎరిగినవాళ్ళకి ఈ ఖండపు రాజకీయం విడిగా చెప్పక్కర్లేదు. నామినేషన్లు ఐదారు పడతాయి. రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చుంటారు. ఒకాయన బొడ్రాయి దగ్గర గుడి కట్టిస్తానంటాడు. సాయంత్రానికి మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఉపసంహరించుకుంటారు. ఊరంతా ఒక్కమాట మీద ఉందని పేపర్లో ఫొటో పడుతుంది. 2027 ఆసియా కప్‌కి ఇరాన్, ఉజ్బెకిస్తాన్, ఖతర్, ఇండియా, సౌదీ నామినేషన్లు వేశాయి. ఇరాన్ తప్పుకుంది. ఉజ్బెకిస్తాన్ తప్పుకుంది. ఖతర్‌కి 2023 కప్ దొరికింది కాబట్టి అదీ తప్పుకుంది. 2022 డిసెంబర్‌లో ఇండియా తప్పుకుంది. 2023 ఫిబ్రవరి 1న మనామాలో సౌదీ ఏకగ్రీవం. అదే సమావేశంలో బహ్రెయిన్‌కి చెందిన షేక్ సల్మాన్ మళ్ళీ అధ్యక్షుడయ్యారు, పోటీ లేకుండా. 2013 నుంచి ఆయనే. 2019లోనూ చివరికి పోటీ మిగల్లేదు. ఇక్కడ వేలంపాట జరిగిందని నేననడం లేదు. పోటీ మిగలకపోవడం మాత్రం రికార్డు.

తూర్పువాళ్ళేమీ ముత్యాలు కాదు. జపాన్ ఆసియా కప్ నిర్వహించింది ఆఖరుసారి 1992లో. కొరియా 1960లో! 2023 కప్ చైనాకి ఇస్తే కోవిడ్ పేరు చెప్పి 2022 మే నెలలో చేతులు దులుపుకుంది. అప్పుడు కొరియా లేచి మేం చేస్తామంది. కానీ సిద్ధంగా ఉన్న స్టేడియాలతో ఖతర్ ముందే నిలబడి ఉంది. 1988, 2011 తర్వాత మూడోసారి. ఎండలకి ఆగలేక 2023 కప్‌ని 2024 జనవరికి జరిపారు, పేరు మాత్రం 2023గానే ఉంచారు. ఫైనల్లో ఖతర్ జోర్డాన్‌పై 3–1. మూడు గోల్సూ అక్రమ్ అఫీఫ్ కొట్టిన పెనాల్టీలే. జపాన్, కొరియాలకి ఇవన్నీ పట్టవు. ఎనిమిది బెర్తులున్నా నాలుగున్నా వాళ్ళది వాళ్ళకి ఉంటుంది. కడుపు నిండినవాడు వంటింటి రాజకీయంలో తలదూర్చడు. అందుకే టోక్యో నుంచి ఎప్పుడూ ‘విచారం’ తప్ప ‘అభ్యంతరం’ వినపడదు.

ఇదంతా మగవాళ్ళ కప్ మాట. ఆడవాళ్ళ ఆసియా కప్‌కి పడమటి ఆసియాలో ఆతిథ్యమిచ్చింది ఇప్పటిదాకా జోర్డాన్ ఒక్కటే, 2018లో. 2022 మహిళల కప్ బహుమతి సొమ్ము మొత్తం 18 లక్షల డాలర్లు. మగవాళ్ళ 2023 కప్‌ది 1 కోటి 48 లక్షలు. ఆ అసమానత గురించి దిక్కులన్నీ ఏకాభిప్రాయంతో ఉన్నాయి.

ఆ 2022 మహిళల కప్ జరిగింది మన దగ్గరే. ముంబై, పుణె చుట్టుపక్కల. ఆతిథ్యం వల్ల ఎలా లాభపడాలో ఖతర్, సౌదీ ఖండానికి నేర్పుతుంటే, ఎలా నష్టపోవాలో మనం నేర్పాం. సొంత దేశంలో, సొంత శిబిరంలో కోవిడ్ తగిలి, మైదానంలోకి 13 మంది పేర్లు ఇవ్వలేక ఆతిథ్య జట్టే టోర్నీలోంచి తప్పుకుంది. షెడ్యూలుని మనకి అనుకూలంగా రాయించుకోవడం అటుంచి, షెడ్యూల్లో ఉన్న మ్యాచ్ కూడా ఆడలేకపోయాం.

2027 ఆతిథ్యం నుంచి తప్పుకుంటూ మన సమాఖ్య చెప్పిన మాట బంగారం లాంటిది: పెద్ద టోర్నీలు ఇప్పుడు మన ప్రాధాన్యం కాదు, ముందు పునాదులు కడతాం. కట్టారు. ఆసియా కప్‌ని 2019 నుంచి 24 జట్లకి పెంచారు. హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్ ఉన్న గ్రూపులో నెగ్గితే చాలు. సౌదీ, ఇరాక్ జెడ్డాలో తలపడ్డ ఆ అక్టోబర్ 14నే గోవా ఫతోర్దాలో సింగపూర్ చేతిలో 1–2తో ఓడాం, అదీ ముందు మనమే గోల్ వేసి. నవంబర్‌లో ఢాకాలో 0–1. ఇప్పుడా కప్‌లో మనం లేం. దాన్ని నిర్వహించి ఉంటే, ఆతిథ్య దేశంగా కూర్చున్నచోటే స్థానం వచ్చేది. ఈ ఒక్క విషయంలో సౌదీని చూసి ఏడవడానికి కూడా మనకి హక్కు లేదు.

హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో ఈ దేశమే ఒకప్పుడు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చుకుంది. జట్టులో సికింద్రాబాద్ తులసీదాస్ బలరామ్ లాంటివాళ్ళుండేవారు. ఆ జంటనగరాల క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2021–22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. ఇప్పుడది పేరు మార్చుకుని ఢిల్లీలో ఉంది.

ఆసియా ఫుట్‌బాల్‌కి మన వంతు సాయం మాత్రం ఆగలేదు. జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి వెళ్ళిన మన కూలీలు గల్ఫ్‌లో మట్టి తవ్వారు, ఇనుము వంచారు, కాంక్రీటు పోశారు. ఆ స్టేడియాలే ఇవాళ ‘సిద్ధంగా ఉన్న’ స్టేడియాలు. 2024 జనవరిలో ఖతర్‌లో ఇండియా ఆడిన మ్యాచ్‌లకి గ్యాలరీలు నింపింది మన కార్మికులూ మన మలయాళీలూ. ఆస్ట్రేలియా చేతిలో 0–2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0–3, సిరియా చేతిలో 0–1. కట్టినవాళ్ళు మనవాళ్ళే, అరిచినవాళ్ళు మనవాళ్ళే. గోల్ ఒక్కటే ఎవరూ కొట్టలేదు.

ఇక 2034 ప్రపంచకప్. 2023 అక్టోబర్ 4న ఫిఫా తలుపు తీసింది, ఆసియా, ఓషియానియాలకే అంది, నెలాఖరు గడువంది. సౌదీ ఆ రోజే చెయ్యెత్తింది. ఆస్ట్రేలియా ఆఖరి రోజున తప్పుకుంది. 2024 డిసెంబర్‌లో ఆన్‌లైన్ సమావేశం పెట్టి, ఓట్ల లెక్క లేకుండా, ఎవరి తెర ముందు వాళ్ళు కెమెరాకి కనపడేలా చప్పట్లు కొట్టమంటే కొట్టారు. ఆతిథ్య దేశం కాబట్టి ఆ కప్‌కి సౌదీ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లే ఆడనక్కర్లేదు. షెడ్యూలు రాసే గుమాస్తాకి ఆ ఏడాది సెలవు ఇవ్వొచ్చు.